అతినీలలోహిత కాంతి సోకిన టైటానియా నిజంగానే మెరుగైన ఉత్ప్రేరకం అయిందా?

అడయార్ విద్యార్థిని అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో లోహ ఆక్సైడ్ నానోకణాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సాల్-జెల్ పద్ధతిలో (ద్రావణాన్ని జెల్‌గా మార్చి) తయారుచేసి 400 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చిన, అనటేజ్ అనే స్ఫటిక రూపంలోని టైటానియా (టైటానియం డయాక్సైడ్) పొడిని ఇథనాల్ కలిపిన నీటిలో చెదరగొట్టి, నత్రజని పంపి అందులోని ఆక్సిజన్‌ను వెళ్లగొట్టి, 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ దీపాల ముందు కొన్ని గంటలు ఉంచుతున్నాం. తెల్లని పొడి లేత నీలంగా మారుతోంది. దానిని వేరుచేసి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంలో వేసి దృశ్యకాంతిలో పరీక్షిస్తే, కాంతి సోకని పొడి కంటే ఇది రంగును స్పష్టంగా త్వరగా పోగొడుతోంది. ఎక్స్-కిరణాలతో ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లను వెలికితీసి వాటి శక్తిని కొలిచే ఎక్స్‌పీఎస్ పరీక్షలో ఆక్సిజన్ 1ఎస్ (లోపలి కక్ష్య ఎలక్ట్రాన్ల) శిఖరానికి పక్కన, 531.5 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర, ఒక భుజం కూడా పెరిగింది. ఈ రెండింటినీ కలిపి, కాంతి వల్ల ఆక్సిజన్ ఖాళీలు (స్ఫటికంలో ఆక్సిజన్ పరమాణువు లేని చోట్లు) ఏర్పడి ఉత్ప్రేరకం మెరుగుపడిందని రాయాలని నా ఆలోచన.

మా గైడ్ గారు మాత్రం అంత తేలికగా ఒప్పుకోవడం లేదు. కాంతి పదార్థాన్ని మార్చిందా, లేక ఉపరితలం మీది మలినాలను మాత్రమే తొలగించిందా, లేక దీపాల వేడికే ఇదంతా జరిగిందా అన్నది తేల్చకుండా వ్యాసం పంపవద్దని అన్నారు. ఈ మూడింటినీ విడదీయడానికి సామాన్యమైన ప్రయోగశాలలో చేయగలిగిన పరీక్షలు ఏమిటో తెలిసినవారు చెప్పగలరా? ఎల్‌ఈడీలకు బదులుగా పల్స్ లేజర్ వాడితేనే స్థిరమైన మార్పు వస్తుందని ఒక సీనియర్ అంటున్నారు. అది ఎంతవరకు నిజం?

జక్కూరు రసాయనం (బెంగళూరు) ఇచ్చిన సమాధానం:

అడయార్ విద్యార్థిని గారికి, మీ గైడ్ గారు అడిగినది సరైన ప్రశ్న. మీరు చూసిన నీలి రంగు దగ్గరే మొదలుపెడదాం. అనటేజ్ బ్యాండ్ గ్యాప్ (అందులోని ఎలక్ట్రాన్‌ను కదిలేలా చేయడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్ట్లు, అంటే 387 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి మాత్రమే అందులో ఎలక్ట్రాన్-హోల్ (ఎలక్ట్రాన్ వెళ్లిపోగా మిగిలిన ధనావేశ స్థానం) జంటలను పుట్టించగలదు. మీ 365 నానోమీటర్ల కాంతి ఫోటాన్‌కు 3.4 ఎలక్ట్రాన్ వోల్ట్లు ఇస్తుంది కనుక ఆ పని చేస్తుంది. హోల్స్‌ను ఇథనాల్ తీసుకుంటుంది. ఎలక్ట్రాన్లను తీసుకోవడానికి అక్కడ ఆక్సిజన్ లేదు కనుక అవి టైటానియం అయాన్ల మీద నిలిచిపోయి, నాలుగు ధనావేశాల టైటానియంను మూడు ధనావేశాల స్థితికి తెస్తాయి. మీరు చూసిన నీలం ఆ నిలవ ఎలక్ట్రాన్ల రంగు. అది రావడానికి స్ఫటికం నుంచి ఒక్క ఆక్సిజన్ పరమాణువు కూడా బయటికి పోనక్కరలేదు.

కనుక మొదటి పరీక్షకు పరికరమేదీ అక్కరలేదు. నీలి పొడిని గాలి తగిలేలా తెరిచి ఉంచండి. రంగు త్వరలోనే వెలిసిపోతే, ఆక్సిజన్ వచ్చి నిలవ ఎలక్ట్రాన్లను తీసుకుపోయిందని అర్థం. గాలిలో రోజుల తరబడి రంగు నిలిచి, వేడిచేస్తేగాని పోకపోతే, అప్పుడు లోతైన లోపాల గురించి మాట్లాడవచ్చు. పోల్చి చూసుకోవడానికి ఒక ఉదాహరణ ఉంది. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన నల్ల టైటానియాను 20 బార్ల హైడ్రోజన్ పీడనంలో, 200 డిగ్రీల సెల్సియస్ వద్ద, 5 రోజులపాటు ఉంచి తయారుచేశారు. అంతటి తీవ్రమైన చర్యతో వచ్చిన స్థిరత్వం గది ఉష్ణోగ్రత వద్ద ఎల్‌ఈడీ కాంతితో దానంతటదే వచ్చిందనుకోవడానికి గట్టి ఆధారం కావాలి.

అలాగని కాంతి పదార్థాన్ని మార్చదని కాదు. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియా ఎలక్ట్రోడ్ మీద కాంతితో నీటిని విడగొట్టిన నాటి నుంచి, చాలాకాలం కాంతిని చర్యకు శక్తినిచ్చేదిగానే ఎక్కువగా చూశారు. 1997లో నేచర్‌లో వచ్చిన ఒక పరిశోధన, అతినీలలోహిత కాంతి సోకిన టైటానియా పొర మీద నీటి చుక్క బిందువుగా నిలవక పూర్తిగా పరుచుకుంటుందని, చీకటిలో ఉంచితే ఆ గుణం నెమ్మదిగా తగ్గుతుందని చూపింది. దానికి కారణం ఆక్సిజన్ ఖాళీలా, హైడ్రాక్సిల్ సమూహాల అమరిక మారడమా, ఉపరితలం మీది సేంద్రియ మలినాలు కాలిపోవడమా అన్న వాదన ఆ తరువాత చాలా ఏళ్లు నడిచింది. మీ గైడ్ గారు మిమ్మల్ని అడిగినదీ ఇంచుమించు అదే.

నా అభిప్రాయంలో కాంతి చేయగల అసలైన మేలు ఖాళీలను పుట్టించడం కంటే, సహ ఉత్ప్రేరకాన్ని (ఉత్ప్రేరకానికి తోడుగా చేర్చే లోహం లేదా ఆక్సైడ్) కావలసిన చోట కూర్చోబెట్టడంలో ఉంది. 1978లోనే క్రాయట్లర్, బార్డ్ టైటానియా పొడి మీద కాంతితో ప్లాటినంను నిక్షేపించారు. లోహ లవణంలో పొడిని నానబెట్టి కాల్చే మామూలు పద్ధతిలో లోహం ఎక్కడ పడితే అక్కడ చేరుతుంది. కాంతితో చేసినప్పుడు, ఎలక్ట్రాన్లు కణంలోని ఏ ముఖం వద్దకు చేరతాయో లోహ అయాన్లు అక్కడే క్షయకరణం చెంది లోహంగా మారతాయి. బిస్మత్ వనాడేట్ మీద 2013లో ప్రచురితమైన పని ఇందుకు చక్కని నిదర్శనం. ఆ స్ఫటికాల 010 ముఖాల మీద ప్లాటినం, 110 ముఖాల మీద మాంగనీస్ ఆక్సైడ్ కాంతి వల్లనే విడివిడిగా చేరాయి. ఎలక్ట్రాన్ల వైపు క్షయకరణకు పనికొచ్చేది, హోల్స్ వైపు ఆక్సీకరణకు పనికొచ్చేది కుదురుకోవడంతో, రెండింటినీ యాదృచ్ఛికంగా చల్లిన నమూనాల కంటే వాటి పనితీరు చాలా మెరుగ్గా ఉంది. కాంతి ఇక్కడ ఇంధనంగా కాక పనిముట్టుగా ఉపయోగపడింది. మీ నీలి పొడిలోని నిలవ ఎలక్ట్రాన్లను కూడా ఇదే విధంగా వాడవచ్చు. దీపం ఆర్పిన తరువాత, గాలి తగలనివ్వకుండా, వెండి లవణాన్ని చేర్చి చూడండి. వెండి అయాన్లు ఆ ఎలక్ట్రాన్లను తీసుకొని పొడి మీదే లోహంగా చేరతాయి.

కొలతల మేస్త్రి (చెన్నై) ఇచ్చిన సమాధానం:

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మిథిలీన్ బ్లూ గురించి నాలుగు మాటలు చేరుస్తాను. మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే ఫొటోక్యాటలిస్టు వ్యాసాలలో చాలావాటికి ఈ రంగే ఏకైక సాక్షి కావడం నాకు ఎప్పుడూ అసంతృప్తిగానే ఉంటుంది. ఈ రంగు 664 నానోమీటర్ల దగ్గర కాంతిని బలంగా పీల్చుకుంటుంది. దృశ్యకాంతిలో ఉత్తేజితమయ్యేది రంగే, టైటానియా కాదు. ఉత్తేజితమైన రంగు అణువు తన ఎలక్ట్రాన్‌ను టైటానియాకు ఇచ్చి తానే విచ్ఛిన్నం కావచ్చు. అప్పుడు మీ పొడి దృశ్యకాంతిలో పనిచేసిందని చెప్పడానికి వీలుండదు.

మీ నమూనాకు ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మిథిలీన్ బ్లూ రెండు ఎలక్ట్రాన్లను తీసుకుంటే రంగులేని ల్యూకో రూపంలోకి మారుతుంది. నిలవ ఎలక్ట్రాన్లు ఉన్న నీలి పొడిని గాలి తగలకుండా అందులో వేస్తే, కాంతి లేకుండానే రంగు పోవచ్చు. అది ఉత్ప్రేరణ కాదు, పిండి కొద్దీ రొట్టె అన్నట్టు నిలవ ఉన్న ఎలక్ట్రాన్ల కొద్దీ జరిగే చర్య మాత్రమే. కనుక రంగు పోయిన ద్రావణంలోకి గాలిని పంపి చూడండి. నీలం తిరిగి వస్తే అణువు విచ్ఛిన్నం కాలేదని తేలుతుంది. ఆ తరువాత అదే పొడిని వడపోసి, మళ్లీ కాంతి సోకించకుండా, కొత్త రంగు ద్రావణంలో వరుసగా పరీక్షించండి. మొదటి విడతలో కనిపించిన ఆధిక్యం రెండో విడతకే మాయమైతే అది నిలవ సొమ్ము ఖర్చు కావడమే.

అయితే ఇదే లోపాన్ని కొలతగా మార్చుకోవచ్చు. ఆక్సిజన్ పూర్తిగా తొలగించిన ద్రావణాన్ని, అందులో తెలిసిన పరిమాణంలో మిథిలీన్ బ్లూ ఉండేలా, నీలి పొడికి చీకటిలో చేర్చి, 664 నానోమీటర్ల దగ్గర ఎంత శోషణ తగ్గిందో చూస్తే, గ్రాము పొడికి ఎన్ని ఎలక్ట్రాన్లు నిలవ ఉన్నాయో లెక్క వస్తుంది. పొడి మీద అధిశోషణమైన (ఉపరితలానికి అంటుకున్న) రంగును వేరుగా లెక్కించి తీసివేయడం మరువవద్దు, ఎందుకంటే కాంతి సోకిన ఉపరితలం రంగును ఎక్కువగానో తక్కువగానో పట్టుకోవచ్చు. అందుకే ఏ పరీక్షకైనా ముందు చీకటిలో కనీసం అరగంట, అవసరమైతే గంట, సమతాస్థితి వచ్చేదాకా కలపాలి.

విచ్ఛిన్నం అయిందని చూపడానికి మొత్తం సేంద్రియ కార్బన్ కొలత మేలు. రంగులేని పదార్థం వాడమని చాలామంది ఫినాల్‌ను సూచిస్తారు. అదీ పూర్తిగా నిర్దోషి కాదు. ఫినాల్ జాతి అణువులు టైటానియా ఉపరితలంతో కలిసి దృశ్యకాంతిని కొంత పీల్చుకునే సముదాయాలను ఏర్పరచగలవు. ఐసోప్రొపనాల్ ఆవిరిని తీసుకొని, అసిటోన్, కార్బన్ డయాక్సైడ్ ఎంత వచ్చాయో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూడటం నా దృష్టిలో శుభ్రమైన పద్ధతి.

ఇక మీ గైడ్ గారు చెప్పిన మూడు కారణాలను విడదీయడానికి పోలిక నమూనాలు కావాలి. మొదటిది, అదే ఇథనాల్ నీటిలో, అదే నత్రజనిలో, అదే ఉష్ణోగ్రత వద్ద, అల్యూమినియం రేకు చుట్టి చీకటిలో అంతే సమయం ఉంచిన పొడి. ఉష్ణోగ్రతను ఊహించకుండా ద్రావణంలోనే థర్మామీటరు పెట్టి కొలవండి, వీలైతే నీటి జాకెట్టు వాడండి. ఎల్‌ఈడీలు చల్లని దీపాలన్న మాటను నమ్మి బీకరు ఎంత వేడెక్కిందో చూడనివారిని నేను చాలామందిని ఎరుగుదును. రెండోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఇథనాల్ లేకుండా, ఆక్సిజన్ పంపుతూ, అదే కాంతి సోకించిన పొడి. టైటానియా తన ఉపరితలం మీది సేంద్రియ మలినాలను తానే కాల్చుకుంటుంది కనుక ఈ నమూనా శుభ్రపడుతుంది, కానీ ఎలక్ట్రాన్లు నిలవవు. మీ నీలి పొడీ, ఈ శుభ్రపడిన పొడీ సమానంగా పనిచేస్తే, మీరు ఖాళీల గురించి రాయడానికి ఏమీ మిగలదు. సాల్-జెల్ పొడిని 400 డిగ్రీల వద్ద కాల్చినప్పుడు కొంత కార్బన్ మిగిలిపోవడం సాధారణం కనుక ఈ అనుమానం గట్టిదే.

చివరిగా, ఎన్ని వాట్ల దీపం అన్నది కాదు, ద్రావణంలోకి ఎన్ని ఫోటాన్లు వెళ్లాయన్నది రాయండి. హాచర్డ్, పార్కర్ 1956లో స్థిరపరచిన ఫోటాన్లను లెక్కించే ఫెర్రి ఆక్సలేట్ పద్ధతికి ఖరీదైన పరికరం అవసరం లేదు. పొడి ఎక్కువ వేస్తే ద్రావణం పాలలా మారి, కాంతి గోడ పక్కనే ఆగిపోతుంది. అప్పుడు కొన్ని కణాలకు ఎక్కువ, కొన్నింటికి దాదాపు ఏమీ అందదు. పలుచని పొరగా, బాగా కలుపుతూ చేయండి.

లేజర్ గది (చెన్నై) ఇచ్చిన సమాధానం:

లేజర్ ప్రశ్నకూ, ఎక్స్‌పీఎస్ ప్రశ్నకూ కలిపి సమాధానం ఇస్తాను, ఎందుకంటే రెండింటిలోనూ తొందరపాటు ఒకటే.

నానోసెకండ్ పల్స్ లేజర్, ఉదాహరణకు నియోడిమియం-యాగ్ లేజర్ మూడో హార్మోనిక్ అయిన 355 నానోమీటర్ల కాంతి, నీటిలో తేలుతున్న ఆక్సైడ్ కణాన్ని అతి స్వల్పకాలంలో తీవ్రంగా వేడెక్కిస్తుంది. చుట్టూ ఉన్న నీరు దానిని వెంటనే చల్లార్చేస్తుంది. ఆ వేగానికి స్ఫటికంలోని లోపాలు సర్దుకోలేక అలాగే గడ్డకట్టిపోతాయి. కనుక స్థిరమైన లోపాలు వస్తాయన్న మీ సీనియర్ మాటలో నిజం ఉంది. కానీ అక్కడ పనిచేసింది కాంతి రూపంలో ఇచ్చిన వేడి. శక్తి సాంద్రత పెరిగితే కణాలు కరిగి గుండ్రంగా మారతాయి, లేదా ముక్కలవుతాయి, అనటేజ్‌లో కొంత రూటైల్ అనే మరో స్ఫటిక రూపంగా మారవచ్చు. అంటే ఉపరితల వైశాల్యం, స్ఫటిక దశ, లోపాలు మూడూ ఒకేసారి మారతాయి. మీ గైడ్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం ఎల్‌ఈడీలతో కంటే లేజర్‌తో ఇంకా కష్టమవుతుంది. బీఈటీ (వాయువు అధిశోషణతో కొలిచే ఉపరితల) వైశాల్యం, ఎక్స్-రే వివర్తనం లేకుండా లేజర్ నమూనాల పనితీరును పోల్చడం నేను సమర్థించను.

ఎక్స్‌పీఎస్‌లో 531.5 దగ్గరి భుజాన్ని ఆక్సిజన్ ఖాళీ అని రాయడం ఎంత ప్రబలిపోయిందో చెప్పనక్కరలేదు. లేని పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ రాదు కదా! ఆ శక్తి దగ్గర కనిపించేవి ముఖ్యంగా ఉపరితల హైడ్రాక్సిల్ సమూహాలు, అధిశోషణమైన నీరు, కార్బొనేట్లు. ఇథనాల్ నీటిలో గంటలు ఉండి, చెన్నై గాలిలోని తేమను దాటుకొని పరికరం దాకా వెళ్లిన పొడిలో అవి పెరగకపోతేనే ఆశ్చర్యం. దాని బదులు టైటానియం 2పీ ప్రాంతంలో, 457 ఎలక్ట్రాన్ వోల్ట్ల సమీపంలో, మూడు ధనావేశాల టైటానియం కనిపిస్తుందో లేదో చూడండి. ఉపరితలాన్ని శుభ్రం చేయడానికి ఆర్గాన్ అయాన్లతో మాత్రం కొట్టించవద్దు, ఎందుకంటే ఆ దెబ్బకే టైటానియా క్షయకరణం చెందుతుంది.

జంటపడని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో గుర్తించే ఈపీఆర్ పరీక్ష ఇంతకంటే నమ్మదగినది. ద్రవ నత్రజని ఉష్ణోగ్రత అయిన 77 కెల్విన్ల వద్ద తీస్తే, మూడు ధనావేశాల టైటానియం సంకేతం జీ విలువ (ఈ పరీక్షలో సంకేతం స్థానాన్ని చెప్పే సంఖ్య) 1.96 నుంచి 1.99 వరకు ఉండే ప్రాంతంలో వస్తుంది. 2.003 దగ్గర వచ్చే సన్నని గీతను చాలామంది ఖాళీలో చిక్కిన ఎలక్ట్రాన్ అని రాస్తారు, కానీ మిగిలిపోయిన కార్బన్ రాడికల్స్ కూడా అక్కడే కనిపిస్తాయి. రామన్ పరీక్షలో (లేజర్ కాంతి చెదరడాన్ని చూసే పద్ధతి) అనటేజ్ ప్రధాన శిఖరం 144 సెంటీమీటరు విలోమం దగ్గర ఉంటుంది. అది పక్కకు జరిగి వెడల్పైతే లోపాలకు సహాయక సాక్ష్యం అవుతుంది, అయితే కణ పరిమాణం తగ్గినా అలాగే జరుగుతుంది. నమూనాను ఆర్గాన్‌లో సీలు చేసిన గాజు గొట్టంలోనే తీసుకెళ్లండి. ఐఐటీ మద్రాసులోని సైఫ్ (అధునాతన పరికరాల కేంద్రం) వంటి చోట్ల బయటి విద్యార్థులు కూడా రుసుము చెల్లించి నమూనాలను పరీక్షింపజేసుకోవచ్చు.

కాంతితో స్థిరమైన ఉత్ప్రేరకం కావాలంటే, ఇంకొక దారి ఆలోచించండి. 2013లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం వారు ఇనుము, కోబాల్టు, నికెల్ సేంద్రియ లవణాలను పలుచని పొరగా పూసి, అతినీలలోహిత కాంతితో ఆ సేంద్రియ భాగాన్ని విడగొట్టి, స్ఫటిక క్రమం లేని మిశ్రమ ఆక్సైడ్‌ను తయారుచేశారు. నీటి నుంచి ఆక్సిజన్‌ను వెలువరించే విద్యుత్ రసాయన చర్యలో అది చక్కగా పనిచేసింది. కొలిమిలో కాలిస్తే స్ఫటికంగా మారిపోయే పదార్థాన్ని కాంతి వల్ల అస్ఫటికంగా నిలపగలిగారు, ఆ తరువాత చర్యకు కాంతి అవసరమే లేదు. కాంతి ఉత్ప్రేరకాన్ని మెరుగుపరిచిందని అనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తోచడం లేదు.

అంబత్తూరు ఇంజనీరు (చెన్నై) ఇచ్చిన సమాధానం:

నేను పరిశోధకుడిని కాను, అద్దకం, తోలు పరిశ్రమల మురుగునీటి శుద్ధిలో పనిచేస్తాను. ఒకే విన్నపం. మిథిలీన్ బ్లూ ఫలితం ఆధారంగా వ్యాసం చివర పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధికి ఇది ఉపయోగపడుతుందని రాయకండి. మా దగ్గరికి వచ్చే నీరు ఎంత ముదురు రంగులో ఉంటుందంటే కాంతి పై పొర దాటి లోపలికి పోదు. అందులోని క్లోరైడ్, బైకార్బొనేట్ అయాన్లు మలినాలను విడగొట్టాల్సిన హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను ముందే తినేస్తాయి. పని అయ్యాక నానో పొడిని నీటి నుంచి తిరిగి రాబట్టడం వేరే తలనొప్పి. భూమిని చేరే ఎండలో అతినీలలోహిత భాగం 4 నుంచి 5 శాతమే కనుక చెన్నై ఎండ ఎంత మండినా దానికొక హద్దు ఉంది.

జక్కూరు రసాయనం గారు చెప్పిన లోహ నిక్షేపణ మాత్రం మాలాంటివారికి ఆసక్తి కలిగిస్తుంది. టైటానియా మీద ప్లాటినం ఉంటే ఫార్మాల్డిహైడ్‌ను గది ఉష్ణోగ్రత వద్ద, కాంతి లేకుండానే ఆక్సీకరించవచ్చని తెలిసిన విషయమే. కాంతితో నిక్షేపించడం వల్ల అదే పని తక్కువ ప్లాటినంతో జరిగితే, దాని విలువ ఎవరికైనా అర్థమవుతుంది.

అడయార్ విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా గాలిలో రంగు నిలుస్తుందో లేదో చూసి, ఆక్సిజన్‌లో కాంతి సోకించిన నమూనాను, రేకు చుట్టిన నమూనాను పక్కపక్కనే పరీక్షిస్తాను. ఈపీఆర్‌కు పంపే నిర్ణయం ఆ ఫలితాల తరువాతే తీసుకుంటాను. ఇదే పద్ధతిని జింక్ ఆక్సైడ్ మీద కూడా చేయాలని ప్రయోగశాలలో అనుకుంటున్నాం. దాని బ్యాండ్ గ్యాప్ కూడా దాదాపు 3.3 ఎలక్ట్రాన్ వోల్ట్లే కనుక అవే దీపాలు సరిపోతాయి కదా?

జక్కూరు రసాయనం:

దీపాలు సరిపోతాయి, కానీ జింక్ ఆక్సైడ్ టైటానియాలా నిలకడగా ఉండదు. నీటిలో కాంతి సోకినప్పుడు హోల్స్ దాని స్ఫటికంలోని ఆక్సిజన్‌నే ఆక్సీకరించి, జింక్‌ను అయాన్లుగా కరిగిస్తాయి. ఇథనాల్ ఉన్నంతసేపు అది హోల్స్‌ను తీసుకుంటుంది కనుక నష్టం తక్కువగానే ఉండవచ్చు. రంగు పరీక్షలో ఇథనాల్ ఉండదు కనుక అసలు నష్టం అక్కడ జరుగుతుంది. పైగా ఆమ్ల ద్రావణంలోనూ, బలమైన క్షార ద్రావణంలోనూ కాంతి లేకుండానే అది కరుగుతుంది. కనుక పరీక్ష పొడవునా పీహెచ్ విలువ గమనించండి, ప్రతి విడత తరువాత ద్రావణాన్ని సన్నని రంధ్రాల వడపోత గుండా పంపి, అందులోని జింక్‌ను అటామిక్ అబ్జార్ప్షన్ పరికరంలో కొలవండి. చీకటిలో ఉంచిన నమూనాలో కంటే కాంతి సోకిన నమూనా నుంచి ఎక్కువ జింక్ వస్తే, పనితీరులో కనిపించే ఏ తేడానైనా ముందు ఆ కరుగుదలతో లెక్క చూసుకున్న తరువాతే లోపాల దాకా వెళ్లండి.